పెట్రోలు రెండు నిమిషాలు, ఛార్జింగు నాలుగు గంటలు.. ఎందుకలా?

మా టీంలో ఒకడున్నాడు. పేరెందుకులెండి, వాడు ఇది చదువుతాడు. పోయినేడాది ఎలక్ట్రిక్ స్కూటర్ కొన్నాడు. కొన్న నెలకే వాడికి పట్టుకున్న బాధ ఒక్కటే, ఫుల్ ఛార్జ్ అవడానికి నాలుగ్గంటలు పడుతోందని. "బంకులో రెండు నిమిషాల్లో అయ్యే పనికి ఇంతసేపేంట్రా? ఫర్మ్‌వేర్‌లో ఎవడో లిమిట్ పెట్టి చంపుతున్నాడు. ఆ కాన్ఫిగ్ వాల్యూ ఎక్కడుందో దొరికితే మార్చి పారేస్తా" అని రోజూ క్యాంటీన్లో గొడవ. సాఫ్ట్‌వేర్ వాడి బుర్ర అలాగే పనిచేస్తుంది మరి. ఏది నెమ్మదిగా ఉన్నా, ఎవడో ఎక్కడో థ్రెడ్ స్లీప్ పెట్టి మర్చిపోయాడనే మన అనుమానం :)

అక్కడితో ఆగినా బావుండేది. ఎవరో మెకానిక్ "మూడు రెట్లు స్పీడు" అని చెప్పి అమ్మిన ఛార్జర్ ఒకటి కొనుక్కొచ్చాడు. బ్యాటరీ లోపలుండే కంట్రోల్ బోర్డు అడ్డం రాకుండా బైపాస్ కూడా చేసి పెడతానన్నాట్ట ఆయన. మావాడుండేది అయిదంతస్తుల అపార్ట్‌మెంట్. స్కూటర్ ఉండేది సెల్లార్లో. 2022 సెప్టెంబర్ 12 రాత్రి సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో మొదలైన మంటలు, పొగ పైనున్న లాడ్జిలోకి వెళ్ళి ఎనిమిది మంది చనిపోయారు. అది ఫాస్ట్ ఛార్జింగ్ వల్ల జరిగిందని నేననట్లేదు. కానీ సెల్లార్లో బ్యాటరీ అంటుకుంటే పైనున్న వాళ్ళ పరిస్థితేంటో ఆ రాత్రి ఊరంతా చూసింది.

నేను చదివింది ఈఈఈ, చేసేది జావా. కాలేజీలో చదివిన దాంట్లో గుర్తున్నది తక్కువే. అయినా వాడితో వాదన పెట్టుకున్నాక రెండు వారాలు కూర్చుని ఈ బ్యాటరీల చరిత్ర తవ్వాను. తవ్వితే తేలిందేంటంటే, మావాడు సగం కరెక్టే. లిమిట్ పెట్టింది ఫర్మ్‌వేరే. కాకపోతే ఆ లిమిట్ వెనకాల యాభై ఏళ్ళ చరిత్ర ఉంది, కొన్ని నిజం మంటలు కూడా ఉన్నాయి.

ముందు ఒక పాత పీడకల వదిలించుకుందాం. ఇంటర్లో విద్యుద్విశ్లేషణ పాఠంలో ఆనోడ్ అంటే ధనధ్రువం, కాథోడ్ అంటే ఋణధ్రువం అని బట్టీ పట్టాం కదా, బ్యాటరీల దగ్గర అది తిరగబడుతుంది. బ్యాటరీ డిశ్చార్జ్ అయ్యేటప్పటి లెక్క చూసి మైనస్ వైపుని ఏనోడ్ అంటారు, ఛార్జింగ్ అప్పుడు కూడా ఆ పేరే ఉంచేస్తారు. కాబట్టి ఇక్కడ ఏనోడ్ అంటే మైనస్ వైపు అనుకుని చదవండి చాలు. ఛార్జింగ్ పెట్టినప్పుడు లిథియం అయాన్లు ప్లస్ వైపు నుంచి బయల్దేరి, ఎలక్ట్రొలైట్ అనే ద్రవంలో ఈదుకుంటూ వచ్చి, ఏనోడ్‌లో దూరి కూర్చుంటాయి. వాడుతుంటే మళ్ళీ వెనక్కి పోతాయి. బ్యాటరీ అంటే ఈ రాకపోకలే. ఎంత తొందరగా ఛార్జ్ చెయ్యొచ్చు అన్నదానికి జవాబు చాలావరకు ఈ ఏనోడ్ దగ్గరే ఉంటుంది, వచ్చినవాళ్ళని ఎంత తొందరగా లోపలికి రానిస్తుంది అని.

కథ మొదలైంది ఒక పెట్రోలు కంపెనీలో. నిజంగానే! 1972లో స్టాన్లీ విటింగ్‌హామ్ అనే ఇంగ్లీషాయన అమెరికాలో ఎక్సాన్ కంపెనీలో చేరాడు. చమురు ఎప్పటికైనా అయిపోతుందన్న భయంతో ఆ కంపెనీ అప్పట్లో వేరే దారులు వెతుకుతోంది. ఆయన ప్లస్ వైపు టైటానియం డైసల్ఫైడ్ పెట్టాడు. దాని పొరల మధ్య లిథియం దూరగలదు, బయటికి రాగలదు. మైనస్ వైపు నేరుగా లిథియం లోహం పెట్టాడు. ఆలోచిస్తే అంతకన్నా మంచి ఏనోడ్ ఏముంటుంది? లిథియం దాచుకోవడానికి వేరే పాత్ర ఎందుకు, లిథియమే ఉండగా. గ్రాముకి 3860 మిల్లీ ఆంపియర్ అవర్లు. కాగితం మీద దీన్ని కొట్టేది లేదు.

చిక్కంతా ఛార్జింగ్‌లో వచ్చింది. వెనక్కి వచ్చిన లిథియం అయాన్లు గోడకి సున్నం వేసినట్టు సమానంగా పరుచుకోవు. ఎక్కడైనా చిన్న బుడిపె ఉంటే, తర్వాత వచ్చేవి కూడా అక్కడికే చేరతాయి. బుడిపె ముల్లవుతుంది, ముల్లు కొమ్మవుతుంది. వీటిని డెండ్రైట్లు అంటారు. అలా పెరిగి పెరిగి మధ్యలో అడ్డంగా ఉండే పల్చటి సెపరేటర్ పొరని పొడుచుకుని అవతలి వైపుకి తగిలిందా, ఇక లోపలే షార్ట్ సర్క్యూట్. పైగా ఆ ఎలక్ట్రొలైట్ మండే ద్రవం. ఎక్సాన్ ల్యాబ్‌కి ఫైరింజన్ ఎన్నిసార్లు వచ్చిందంటే, లిథియం మంటలు ఆర్పడానికి వాడే ప్రత్యేకమైన రసాయనాల ఖర్చు మీరే కట్టుకోవాలని ఫైర్ వాళ్ళు చివరికి బెదిరించారట. విటింగ్‌హామ్ లిథియానికి అల్యూమినియం కలిపి చూశాడు, కొంత నయమైంది. ఇంతలో 1980ల మొదట్లో చమురు ధరలు పడిపోయాయి. పెట్రోలు కంపెనీకి బ్యాటరీ మీద ప్రేమ కూడా ఆవిరైపోయింది.

ఎక్సాన్ వదిలేసిన చోట కెనడాలో మోలీ ఎనర్జీ అనే కంపెనీ అందుకుంది. వాంకూవర్ దగ్గర ఫ్యాక్టరీ. ప్లస్ వైపు మాలిబ్డినం డైసల్ఫైడ్ (మోలీ అన్న పేరు అందుకే), మైనస్ వైపు మళ్ళీ లిథియం లోహమే. ఇది ల్యాబ్ వరకే పరిమితం కాలేదు, నిజంగా అమ్మారు. జపాన్‌లో అప్పటి సెల్‌ఫోన్లలో ఈ బ్యాటరీలు వాడారు. 1989లో ఫోన్లు అంటుకున్నాయి. ప్రొడక్షన్‌లోకి వెళ్ళాక దొరికిన బగ్ ఎంత ఖరీదో మనకి తెలియంది కాదు. సరుకు మొత్తం వెనక్కి తీసుకున్నారు, కంపెనీ దివాలా తీసింది, తర్వాత జపాన్ వాళ్ళ చేతికెళ్ళింది. ఛార్జ్ చేసుకునే బ్యాటరీలో లిథియం లోహం పెట్టే ధైర్యం ఆ దెబ్బతో చాలా ఏళ్ళు ఎక్కువమంది చెయ్యలేదు.

మరి లిథియం లోహం వద్దనుకుంటే, లిథియాన్ని దాచుకునే గూడు ఏదైనా కావాలి. అది గ్రాఫైట్ అయితే? మన పెన్సిల్ లోపల ఉండేదే. కార్బన్ అణువుల పొరలు ఒకదాని మీద ఒకటి దొంతరగా ఉంటాయి, మధ్యలో లిథియం దూరొచ్చు. ఆరు కార్బన్లకి ఒక లిథియం చొప్పున పడుతుంది. గ్రాముకి 372 మిల్లీ ఆంపియర్ అవర్లు, అంటే లిథియం లోహంతో పోలిస్తే పదో వంతు. అయినా ప్రాణం ముఖ్యం కదా.

ఈ ఐడియా ఒక్కరికి వచ్చింది కాదు. 1970లలో మ్యూనిక్‌లో బెసెన్‌హార్డ్ ప్రయత్నించాడు. బెల్ ల్యాబ్స్‌లో సమర్ బసు అనే మన బెంగాలీ ఇంటిపేరాయన 1980ల మొదట్లోనే గ్రాఫైట్ ఏనోడ్ మీద పేటెంట్లు తీసుకున్నాడు. ఫ్రాన్స్‌లో గ్రెనోబుల్‌లో రషీద్ యాజామీ (మొరాకోలో పుట్టినాయన) 1980 ప్రాంతంలో ఘన ఎలక్ట్రొలైట్ పెట్టి గ్రాఫైట్‌లోకి లిథియాన్ని పంపి, మళ్ళీ వెనక్కి తెప్పించి చూపించాడు. అయితే మామూలు ద్రవ ఎలక్ట్రొలైట్‌తో పెద్ద అడ్డంకి ఉండేది. అప్పట్లో అందరూ వాడే ప్రొపైలీన్ కార్బొనేట్ అనే ద్రవం లిథియంతో పాటు తను కూడా పొరల మధ్య దూరిపోయేది. దాంతో గ్రాఫైట్ తడిసిన పుస్తకంలా పొరలు పొరలుగా ఊడిపోయేది. గ్రాఫైట్ పనికిరాదని చాలామంది తేల్చేశారు.

ఇక్కడ జపాన్ నుంచి అకీరా యొషీనో వస్తాడు. అసాహీ కాసే కంపెనీ ఉద్యోగి. 1980లో ఆక్స్‌ఫర్డ్‌లో జాన్ గుడ్‌ఎనఫ్ బృందం కనిపెట్టిన కోబాల్ట్ ఆక్సైడ్‌ని ప్లస్ వైపు పెట్టుకున్నాడు. ఇందులో ఉన్న సుఖమేంటంటే లిథియం ముందుగా ప్లస్ వైపే ఉంటుంది, మైనస్ వైపు లోహం పెట్టక్కర్లేదు. ఏనోడ్ కోసం ముందు పాలీఎసిటిలీన్ అనే ప్లాస్టిక్ ప్రయత్నించి, చివరికి కార్బన్ దగ్గరకొచ్చాడు. అది కూడా మంచి గ్రాఫైట్ కాదు, పెట్రోలు శుద్ధి చేశాక మిగిలే కోక్. దాంట్లో పొరలు క్రమంగా ఉండవు కాబట్టి ఆ ద్రవం దూరినా ఊడిపోదు. పెట్రోలు కంపెనీ వదిలేసిన బ్యాటరీ పెట్రోలు పిప్పి వల్లే బతికింది చూశారా!

1986లో ఆయన ఒక పరీక్ష చేశాడు. పెద్ద ఇనప దిమ్మ తెచ్చి బ్యాటరీ మీద పడేశాడు. లిథియం లోహం ఉన్న బ్యాటరీ అయితే పేలి మండింది. కార్బన్ పెట్టిన బ్యాటరీ నలిగిందంతే, ఏమీ కాలేదు. లిథియం అయాన్ బ్యాటరీ పుట్టింది ఆ క్షణంలోనే అని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. వోల్టేజి, కెపాసిటీ లాంటి అంకెల కన్నా ముందు ఆయన చూసింది అది మనిషి పక్కన పెట్టదగినదేనా అని. మనం టెస్ట్ కేసులు రాసేటప్పుడు హ్యాపీ పాత్ రాసేసి చేతులు దులుపుకుంటాం. ఈయన నేరుగా ఇనప దిమ్మతో మొదలెట్టాడు.

1991లో సోనీ దీన్ని మార్కెట్లోకి తెచ్చింది. అందులోనూ క్రమం లేని కార్బనే. మరి గ్రాఫైట్ ఎలా వచ్చింది? ఇది నాకు ఈ మొత్తం చరిత్రలో బాగా నచ్చిన మలుపు. 1990లో ఫాంగ్, వాన్ సాకెన్, జెఫ్ డాన్ అని ముగ్గురు ఒక పేపర్ రాశారు. ఎలక్ట్రొలైట్‌లో ఇథిలీన్ కార్బొనేట్ కలిపితే, మొదటి ఛార్జింగ్‌లోనే గ్రాఫైట్ మీద ఒక పల్చటి పొర తయారవుతుంది, ఆ పొర లిథియాన్ని మాత్రం పోనిచ్చి ద్రవాన్ని ఆపేస్తుంది, గ్రాఫైట్ ఊడిపోదు అని చూపించారు. ఇలాంటి పొర ఉంటుందని 1979లోనే ఇజ్రాయెల్‌కి చెందిన పెలెడ్ వివరించి ఎస్ఈఐ అని పేరు పెట్టాడు. ఒక రకంగా ఇది గేటు దగ్గర వాచ్‌మన్. ఇంతకీ ఆ ముగ్గురూ పనిచేసింది ఎక్కడో తెలుసా? మోలీ ఎనర్జీలో! లిథియం లోహంతో చేతులు కాల్చుకున్న ఆ కంపెనీలోనే గ్రాఫైట్‌కి దారి తెరుచుకుంది.

(2019లో నోబెల్ గుడ్‌ఎనఫ్, విటింగ్‌హామ్, యొషీనోలకి వచ్చింది. ముగ్గురికి మించి ఇవ్వరు కాబట్టి యాజామీకి దక్కలేదు. 2014లో డ్రేపర్ బహుమతి ఇచ్చినప్పుడు మాత్రం ఆయన్నీ కలిపారు. ఈ రోజు మన జేబులో ఉన్న ఫోన్లో గ్రాఫైట్ ఉన్నందుకైనా ఆయన పేరు ఇంకాస్త వినపడాల్సిందని నా అభిప్రాయం.)

ఇప్పుడు అసలు పాయింటు. గ్రాఫైట్ ఎందుకంత బాగుంది? అందులో కూర్చున్న లిథియం, వోల్టేజి పరంగా దాదాపు లిథియం లోహంలాగే ప్రవర్తిస్తుంది. తేడా సుమారు 0.1 వోల్టు అంతే. అందుకే బ్యాటరీకి మూడున్నర వోల్టుల పైన దక్కుతుంది, ఎక్కువ శక్తి నిలవుంటుంది. గ్రాఫైట్‌తో ఉన్న ఇబ్బందీ సరిగ్గా అదే. లిథియం లోహంగా మారిపోయే గీతకి 0.1 వోల్టు దూరంలోనే మనం కాపురం పెట్టాం.

పల్లెల్లో పెళ్ళి బంతి గుర్తు చేసుకోండి. లోపల విస్తళ్ళు బోలెడు ఖాళీగా ఉన్నాయి. కానీ గుమ్మం ఒక్కటే. జనం మెల్లగా వస్తే అందరూ లోపలికెళ్ళి వరసగా కూర్చుంటారు. రెండొందల మంది ఒక్కసారి తోసుకొస్తే? లోపల చోటున్నా గుమ్మం దగ్గరే ఇరుక్కుపోతారు, కొందరు అక్కడే అరుగు మీద చతికిలబడతారు. లిథియం చేసేదీ ఇదే. గ్రాఫైట్ పొరల మధ్యకి అంచుల నుంచే దూరాలి. దూరే ముందు తన చుట్టూ అంటుకున్న ద్రవ అణువుల్ని విడిపించుకోవాలి, వాచ్‌మన్ పొర దాటాలి, లోపలికి జరుగుతూ తర్వాత వచ్చేవాడికి చోటివ్వాలి. పైగా ఏనోడ్ అంటే ఒక్క గ్రాఫైట్ రేకు కాదు, వెంట్రుక మందాన రాగి రేకు మీద పూసిన పొడి. ఆ పొడిలో పలకల్లాంటి రేణువులు పడుకుని ఉంటాయి, అయాన్ వాటి చుట్టూ సందులు గొందులు తిరిగి అడుగుదాకా వెళ్ళాలి. కరెంటు పెంచితే ఈ ప్రతి మెట్టు దగ్గరా కొంచెం కొంచెం వోల్టేజి ఖర్చవుతుంది. ఆ ఖర్చంతా కలిసి 0.1 వోల్టు దాటిందంటే, గ్రాఫైట్ పైనే లిథియం లోహం పేరుకోవడం మొదలవుతుంది. దీన్ని లిథియం ప్లేటింగ్ అంటారు.

అంటే ఎక్సాన్ ల్యాబ్‌లో మంటలు పెట్టిన లిథియమే, మోలీని ముంచిన లిథియమే.. ఎవరికి భయపడి గ్రాఫైట్ గూట్లోకి వచ్చామో వాడే ఫాస్ట్ ఛార్జింగ్ రూపంలో మళ్ళీ గుమ్మంలో కూర్చుంటాడన్నమాట. పేరుకున్న దాంట్లో కొంత తర్వాత లోపలికి వెళ్తుంది. కొంత విడిపోయి దేనికీ పనికిరాకుండా పోతుంది, అంటే ఆ మేరకు కెపాసిటీ శాశ్వతంగా పోయినట్టే. కొంత ముల్లుగా పెరగొచ్చు. బయటి నుంచి చూస్తే ఏమీ తెలియదు. ఫోన్ 100 శాతం అనే చూపిస్తుంది.

ఫోనైనా కారైనా 80 శాతం దాకా పరిగెత్తి, తర్వాత నత్తనడక నడుస్తుంది గమనించారా? కంపెనీల ప్రకటనల్లో ఎప్పుడూ "80 శాతం ఇన్ని నిమిషాల్లో" అనే ఉంటుంది. బంతి నిండేకొద్దీ ఖాళీ విస్తరి వెతుక్కోవడం కష్టం, గుమ్మం దగ్గర రద్దీ ఎక్కువ. అందుకని ఫర్మ్‌వేర్ అక్కడ కరెంటు తగ్గిస్తుంది. చలిలో కూడా తగ్గిస్తుంది, చలికి అన్నీ నెమ్మదిస్తాయి కాబట్టి. ఇదీ మావాడు వెతుకుతున్న కాన్ఫిగ్ వాల్యూ.

మరి 0.1 వోల్టు దగ్గర ఉండటమే ప్రమాదమైతే దూరంగా జరగొచ్చు కదా? జరిగారు. లిథియం టైటనేట్ అని ఒక పదార్థం ఉంది, ఎల్టీఓ అంటారు. దీని వోల్టేజి లిథియం కన్నా 1.55 వోల్టులు పైన. ఎంత తోసినా ప్లేటింగ్ గీత దరిదాపులకి రాదు. 1989లో కోల్బో, డాన్, హేరింగ్ దీని మీద పేపర్ రాశారు (అవును, మళ్ళీ ఆ డానే. హేరింగ్ మోలీ వ్యవస్థాపకుడు. ఆ ఒక్క గుంపు చుట్టూ ఎంత చరిత్ర తిరిగిందో!). 1995లో ఒసాకాలో ఓజుకు దీనికి ఇంకో గుణం ఉందని చూపించాడు. లిథియం దూరినా, బయటికొచ్చినా దీని సైజు దాదాపు మారదు. గ్రాఫైట్ పది శాతం దాకా ఉబ్బుతుంది, తగ్గుతుంది. ఇది ఉలకదు పలకదు. అందుకే వేల సార్లు ఛార్జ్ చేసినా అలాగే ఉంటుంది.

తోషిబా 2005లో నిమిషంలో 80 శాతం ఛార్జయ్యే బ్యాటరీ చేశామని ప్రకటించింది. ఎల్టీఓ ఏనోడ్‌తో ఎస్‌సీఐబీ అన్న పేరు పెట్టి 2007 చివర్లో ప్రకటించి, 2008లో ఉత్పత్తి మొదలెట్టింది. 5 నిమిషాల్లో 90 శాతం. ఇదేదో అయిపోయిన సమస్యలా ఉందే, మరి మనందరి స్కూటర్లలో ఇదే ఎందుకు లేదు అని నాకూ అనిపించింది. జవాబు 2011లో మిత్సుబిషీ అమ్మిన ఐ-మీవ్ అనే బుల్లి కారులో ఉంది. అదే కారు రెండు రకాలు అమ్మారు. మామూలు బ్యాటరీ ఉన్నది 16 యూనిట్లు, తోషిబా బ్యాటరీ ఉన్నది 10.5 యూనిట్లు. జపాన్ పరీక్ష లెక్కల్లో మొదటిది 180 కిలోమీటర్లు, రెండోది 120. ఎల్టీఓ గ్రాముకి 175 మిల్లీ ఆంపియర్ అవర్లే పడుతుంది. పైగా ఏనోడ్ ఎంత పైకి జరిగితే బ్యాటరీ వోల్టేజి అంత తగ్గుతుంది. ఒక్కో సెల్‌కి మూడున్నర పైన వచ్చే చోట 2.3, 2.4 దగ్గర ఆగుతుంది. భద్రత కోసం జరిగిన ఆ దూరం మొత్తం మైలేజీలోంచే కోసుకుంటారు.

ఎల్టీఓ ఓడిపోయిందని కాదు, దాని చోటు అది వెతుక్కుంది. ఎక్కువ దూరం కాదు, ఎక్కువసార్లు కావాలి అన్న చోట అదే రాజు. బ్రేక్ వేసినప్పుడల్లా వచ్చే కరెంటుని టపటపా మింగాలంటే అలాంటి బ్యాటరీయే కావాలి. 2012లో సుజుకి జపాన్‌లో వదిలిన వాగన్ ఆర్‌లో బ్రేకు శక్తి దాచడానికి తోషిబా బ్యాటరీ పెట్టింది. 2017లో సుజుకి, తోషిబా, డెన్సో కలిసి గుజరాత్‌లో బ్యాటరీ కంపెనీ కూడా పెట్టాయి. 2020లో వచ్చిన ఎన్700ఎస్ బుల్లెట్ రైల్లో, భూకంపానికి కరెంటు పోతే రైలు సొంతంగా కదలడానికి ఇదే బ్యాటరీ. మన హైదరాబాద్ బాలాపూర్‌లో ఉన్న ఏఆర్‌సీఐ పరిశోధన సంస్థ కూడా ఈ ఎల్టీఓ పొడి తయారీ మీద పనిచేసింది.

సిలికాన్ గురించి ఒక్క ముక్క చెప్పి వదిలేస్తాను, ఎందుకంటే దాని గొప్పంతా కెపాసిటీలో, వేగంలో కాదు. గ్రాఫైట్ కన్నా తొమ్మిది పది రెట్లు లిథియం పడుతుంది, కానీ పూరీలా మూడు నాలుగింతలు ఉబ్బి పగిలిపోతుంది. 2008లో స్టాన్‌ఫర్డ్‌లో యీ చుయ్ బృందం సన్నటి సిలికాన్ తీగలైతే ఉబ్బినా పగలవని చూపించాక ఊపొచ్చింది. 2023 నుంచి చైనా ఫోన్లలో సిలికాన్ కార్బన్ బ్యాటరీలు వస్తున్నాయి. వేగానికి దీనివల్ల ఉన్న లాభం ఏంటంటే, ఏనోడ్ పూత పల్చగా వేసుకోవచ్చు, అయాన్ నడక తగ్గుతుంది.

గ్రాఫైట్‌కీ ఎల్టీఓకీ మధ్యలో ఎక్కడైనా ఇల్లు దొరుకుతుందా అని వెతికినవాళ్ళకి నయోబియం దొరికింది. 1960లలో వాడ్స్‌లీ, రాత్ అని ఇద్దరు స్ఫటికాల నిర్మాణాలు గీసుకుంటూ కూర్చున్నారు. బ్యాటరీల ఊసే లేదు వాళ్ళకి. వాళ్ళు గీసిన నయోబియం ఆక్సైడ్ల లోపల వరసగా సొరంగాలున్నాయి. 2018లో కేంబ్రిడ్జ్‌లో కెంట్ గ్రిఫిత్, క్లేర్ గ్రే బృందం నయోబియం టంగ్‌స్టన్ ఆక్సైడ్లు తీసుకుని చూస్తే, ఆ సొరంగాల్లో లిథియం ఘన పదార్థంలో ఊహించలేనంత వేగంగా పరిగెడుతోంది. అప్పటిదాకా వేగం కావాలంటే పొడిని నానో సైజుకి నూరాలి అన్నది వేదవాక్కు. వీళ్ళు మామూలు మైక్రాన్ల సైజు రేణువులతోనే సాధించారు. అక్కడి నుంచి పుట్టిన నైయోబోల్ట్ అనే కంపెనీ 2024లో ఒక చిన్న స్పోర్ట్స్ కారుని 10 నుంచి 80 శాతానికి 4 నిమిషాల 37 సెకన్లలో ఛార్జ్ చేసి చూపించింది. తోషిబా వాళ్ళు టైటానియం నయోబియం ఆక్సైడ్ పట్టుకున్నారు. 2024లో బ్రెజిల్‌లో నయోబియం గనుల కంపెనీతో కలిసి ఆ బ్యాటరీతో బస్సు నడిపి చూపించారు. వీటి వోల్టేజి కూడా పైనే కాబట్టి మైలేజీ కోత తప్పదు, కాకపోతే ఎల్టీఓ కన్నా ఎక్కువ లిథియం పడుతుంది. ప్రపంచ నయోబియంలో అత్యధిక భాగం ఒక్క బ్రెజిల్ నుంచే వస్తుందన్నది ఇంకో తలనొప్పి. అలా అని గ్రాఫైట్ మాత్రం ఏం తక్కువ? బ్యాటరీ గ్రాఫైట్ శుద్ధిలో చైనాదే గుత్తాధిపత్యం. 2023 డిసెంబర్ నుంచి ఎగుమతులకి పర్మిట్లు కూడా పెట్టారు. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమరరాజా సెల్ ఫ్యాక్టరీకి 2023 మేలో శంకుస్థాపన చేసినప్పుడు పేపర్లన్నీ లిథియం గురించే రాశాయి. ఆ ఫ్యాక్టరీకి గ్రాఫైట్ ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్న నేనైతే ఎక్కడా చదవలేదు.

ఇక గ్రాఫైట్‌ని వదలకుండానే వేగం పెంచినవాళ్ళున్నారు. రేణువులు చిన్నవి చేసి, పైన క్రమం లేని కార్బన్ పూత పూశారు, అంటే యొషీనో నాటి కోక్ లాంటిదే మళ్ళీ పైకొచ్చింది. దానివల్ల గుమ్మాలు పెరుగుతాయి. ఇంకొకరు లేజర్‌తో ఏనోడ్‌లో అయాన్లు దిగడానికి సన్నటి బావులు తవ్వారు. 2019లో పెన్సిల్వేనియాలో చావో యాంగ్ వాంగ్ బృందం బ్యాటరీని ముందు 60 డిగ్రీలకి వేడిచేసి, పది నిమిషాల్లో ఛార్జ్ చేసి, వెంటనే చల్లబరచడం చూపించింది. వేడిలో ప్లేటింగ్ తగ్గుతుంది, కానీ ఎక్కువసేపు వేడిలో ఉంచితే వాచ్‌మన్ పొర పాడవుతుంది, కాబట్టి ఆ పది నిమిషాలే. 2023లో సీఏటీఎల్ ప్రకటించిన షెన్‌షింగ్ బ్యాటరీ పది నిమిషాల్లో 400 కిలోమీటర్లకి సరిపడా ఛార్జవుతుందన్నారు. ఆ ఏనోడ్ కూడా గ్రాఫైటే, ఉపరితలం మార్చారు. 2025 మార్చిలో బీవైడీ అయిదు నిమిషాలకి 400 కిలోమీటర్లంది, దానికి మెగావాట్ ఛార్జర్ కావాలి. అంటే వేగం అసాధ్యమని నేను చెప్పట్లేదు. అక్కడ ఏనోడ్ పూత దగ్గర నుంచి, ఎలక్ట్రొలైట్, కూలింగ్ పైపులు, ఛార్జర్ దాకా అంతా ఆ వేగం కోసమే కట్టారు.

మావాడి స్కూటర్లో అవేమీ లేవు. ఎక్కువ దూరం రావాలని మందంగా పూసిన మామూలు గ్రాఫైట్ సెల్స్. కూలింగ్ అంటే దారిలో తగిలే గాలే. వాటికి నాలుగ్గంటల ఛార్జింగ్ అంటే గుమ్మం దగ్గర రద్దీ లేనట్టు. మూడు రెట్లు తోస్తే మొదటి రోజే అంటుకోదు, అదే నాకు ఎక్కువ భయం. "చూశావా ఏం కాలేదు" అంటాడు. ఆర్నెల్లకి మైలేజీ తగ్గుతుంది, కంపెనీని తిడతాడు. హద్దు దాటితే కరెంటు ఆపాల్సిన ఆ బోర్డునేమో మెకానిక్ బైపాస్ చేసి ఉంటాడు.

ఇదంతా మొన్న క్యాంటీన్లో నాప్‌కిన్ మీద బొమ్మలేసి చెప్పాను. ఇనప దిమ్మ కథ దగ్గర కొంచెం ఆగాడు. "మరి నీ ఫోన్ అరగంటలో అయిపోద్దిగా మామా" అన్నాడు చివరికి. దాంట్లో సెల్స్ దానికోసం చేసినవిరా, పైగా అది నీ కింద సెల్లార్లో పడుకోదు అన్నాను. ఛార్జర్ మెకానిక్‌కి తిరిగిచ్చేస్తే సగం డబ్బులే వస్తాయట. ఆ సగం నేనిస్తానన్నాను. శనివారం ఇద్దరం కలిసి వెళ్తున్నాం.